రెండు వేళ్ళ ఎడం

రుస్తావి సంతలో కొనుక్కొచ్చాడు మా బాబాయి ఎల్గూజా
నాలుగు అల్లాయ్ చక్రాలు. ఏ బండివో, ఏ దేశం తిరిగాయో.
ఒకదాని అంచుకి ఎవరి వీధి అరుగో గీసిన గీత.

మా డెలికాకి తొడిగి చూస్తే
తిన్నగా పోయినంతసేపూ పెళ్ళికొడుకే.
స్టీరింగు చివరిదాకా తిప్పామా,
టైరు లోపలి చెంప కింది ఇనప చేతికి ఒరుసుకుని
నిద్రలో పళ్ళు కొరికే పిల్లాడి చప్పుడు.

"రెండు వేళ్ళు లోపలికి కూచుంది చక్రం," అన్నాను.
"అయితే రెండు వేళ్ళు బయటికి లాగుదాం,"
మొండి గొర్రెను చెవి పట్టి లాగే మాటలా అన్నాడు.

తెలావిలో వాజిక లేత్ మిషన్ మీద తీసి ఇచ్చాడు
నాలుగు అల్యూమినియం బిళ్ళలు.
మూడేసి సెంటీమీటర్ల మందం.
డబ్బిచ్చి దూరం కొనుక్కోవడం
నేను చూడ్డం అదే మొదలు.

ఆ రాత్రి అల్వానీలో, మల్బరీ చెట్టు పక్క రేకుల షెడ్డులో
తీగ బ్రష్షుతో హబ్బుల తుప్పు గీకాను.
పొర ఒక్కటి మిగిలినా బిళ్ళ వంకర కూచుంటుందట.
బోల్టు కొనలు బిళ్ళ దాటి బియ్యపుగింజంత పొడుచుకొచ్చాయి.
వాటి కోసమే అన్నట్టు
అల్లాయ్ వీపున గుంటలున్నాయి.
పాత ఇనప చక్రమైతే మొహం అడ్డంగా తిప్పేసేది.

ముందు బిళ్ళకి ఆరు నట్లు. దానిమీద చక్రం, మళ్ళీ ఆరు.
పైవి లోకానికి కనపడతాయి.
లోపలివి చక్రం మూసేశాక దేవుడికి కూడా కనపడవు.
బస్సు డిపోలో అడిగి తెచ్చిన టార్క్ పానా
బిగువు సరిపోయినప్పుడల్లా టక్ మంటుంది.
వెనక ఎడమ చక్రం, లోపలి ఆరో నట్టు దగ్గర
కరెంటు పోయింది.
చీకట్లో టక్ మంది.
పానాయో,
రేకు మీద రాలిన మల్బరీ పండో.

తెల్లారేసరికి బయల్దేరాం. జూన్ మొదటి వారం,
బుల్డోజరు మంచును పక్కకు తోసి దారి తెరిచిన రెండో రోజు.
వెనక పిండి బస్తాలు, ఉప్పు, ఓమాలోలో కేతో అత్తకి కుట్టుమిషను.
మలుపులో ఖాళీ కమాజ్ లారీ ఎదురైంది.
వెనక్కి మేమే పోవాలి.
నేను దిగి, లోయ వైపు టైరు పక్కనే నడుస్తూ చెయ్యూపాను.
మేం ఆరు సెంటీమీటర్లు వెడల్పయ్యాం.
ఆ సంగతి రోడ్డుకి ఎవరూ చెప్పలేదు.
మట్టి అంచు బిస్కెట్టులా విరిగి పడింది.
లారీవాడు దాటిపోతూ
కొత్త చక్రాలకేసి చూసి బొటనవేలు ఎత్తాడు.
బాబాయి మొహం వెలిగింది, ఏం చెప్పను.

అబానో కనుమ మీద మీటరు నలభై ఎనిమిది.
యాభైకి మళ్ళీ బిగించాలన్నాడు వాజిక.
బాబాయి చుట్టూ తిరిగాడు, ఇరవైనాలుగు టక్కులు,
చేతులు తుడుచుకున్నాడు.

"లోపలివి?"
మబ్బుకేసి చూశాడు. మంచు గోడ కరిగి
అతని బూట్ల మధ్యనించి పారుతోంది.
"నాలుగు చక్రాలూ విప్పమంటావా, ఈ చలిలో?"
"ఒకటి చాలు. వెనక ఎడమది."
"ఎందుకని?"
"మల్బరీ పండు," అన్నాను.

కాసేపు నావంక చూశాడు.
ఆ పండ్ల చెట్టు నాటిన తన తాతను కూడా కలిపి తిట్టాడు.
జాకీ కింద చదును రాయి పెట్టాడు.
చక్రం ఊడింది. ఐదు నట్లు పానాకి తలొంచలేదు.
ఆరోదాన్ని పానా తాకకముందే
నా చిటికెనవేలు తిప్పింది.

కిందికి చూడలేదు ఇద్దరం.
నట్టు తీసి నోటితో ఊది, మరలో నీలం జిగురు చుక్క వేసి
పానా నా చేతికిచ్చాడు.
టోపీ తీసి, మంచులో మోకాళ్ళ మీద కూలబడి
చెవి చక్రం దగ్గర పెట్టాడు.

"నువ్వు తిప్పు. నేను వింటాను."